లేజర్ సర్జరీ తర్వాత స్టెరాయిడ్ చుక్క కంట్లోకి ఎంత దిగుతుంది, ఎలా దింపాలి

సీసా నుంచి రాలే ఒక్క చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంటి పైన మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లే. రెప్ప వేయకుండా ఉంచితే కన్ను మహా అయితే 30 మైక్రోలీటర్ల దాకా పట్టుకోగలదు. అంటే చుక్క పడిన క్షణంలోనే కొంత చెంప మీదికి జారిపోతుంది. మిగిలిన దాంట్లో చాలా భాగం నాలుగైదు నిమిషాల్లో ముక్కు వైపు ఉన్న సన్నని గొట్టం గుండా గొంతులోకి వెళ్లిపోతుంది. కార్నియాను దాటి కంటి లోపలి నీటిదాకా చేరేది వేసిన మందులో సాధారణంగా 5 శాతం కూడా ఉండదు.

కళ్లద్దాల అవసరం తగ్గించే లేజర్ సర్జరీల్లో ఒకటైన పీఆర్‌కే నాకు జరిగిన మొదటి వారంలో ఈ లెక్క తెలియదు. యాంటీబయాటిక్, వాపును అణిచే స్టెరాయిడ్, కృత్రిమ కన్నీరు ఒకదాని వెంట ఒకటి ఒక్క నిమిషంలో వేసేసి, పని అయిపోయిందనుకునేదాన్ని. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌గారు "ఎలా వేస్తున్నారో ఒకసారి నా ముందు వేసి చూపించండి" అన్నారు. చూశాక, మూడో చుక్క మొదటి రెండింటినీ కడిగేస్తోందని చెప్పారు. అప్పటినుంచి ఈ విషయాన్ని వదలకుండా చదివాను. చుక్కలు వేసుకునే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాల్సిన సంగతులు చాలానే ఉన్నాయని అర్థమైంది.

ఏ మందు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అన్నది మీ సర్జన్ రాసిచ్చిన కాగితం ప్రకారమే జరగాలి. ఆ రాసిన మందు వెళ్లాల్సిన చోటికి వెళ్లేలా ఎలా వేయాలి, అది లోపల ఏం చేస్తుంది అన్నవే ఇక్కడి విషయం.

ముందుగా: మందు దాటాల్సిన గోడ

కార్నియా అంటే కంటి నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. ఇంత పల్చటి పొరలో మూడు వేర్వేరు స్వభావాలు ఉన్నాయి.

పైన ఎపిథీలియం. ఇది 50 మైక్రాన్లే, ఐదారు వరసల కణాలు. అయినా మందుకు అసలు అడ్డు ఇదే. పై వరస కణాల మధ్య సందు లేకుండా బిగుతైన అతుకులు ఉంటాయి, ఇటుకల మధ్య సిమెంటు పూసినట్టు. పైగా కణాల గోడలు కొవ్వుతో చేసినవి. అందుకే నూనె స్వభావం ఉన్న మందులు ఇందులోంచి తేలిగ్గా జారిపోతాయి, నీటిలో కరిగే మందులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

దాని కింద స్ట్రోమా. కార్నియా మందంలో దాదాపు 90 శాతం ఇదే. ఇది తడి దూదిలాంటిది, ఎక్కువ భాగం నీరే. ఇక్కడ పరిస్థితి తిరగబడుతుంది. నీటిలో కరిగే మందు హాయిగా పాకుతుంది, పూర్తిగా నూనె స్వభావం ఉన్నది వెనకబడుతుంది. అట్టడుగున ఒకే ఒక్క వరస కణాలతో ఎండోథీలియం ఉంటుంది. దానికీ కొంత కొవ్వు స్వభావం ఉన్నా, కణాల మధ్య అతుకులు వదులుగా ఉండటంతో అది పెద్ద అడ్డేమీ కాదు.

కాబట్టి కార్నియాను దాటాలంటే మందుకు రెండు గుణాలూ కావాలి: కొవ్వులోనూ కరగాలి, నీటిలోనూ కరగాలి. స్టెరాయిడ్ చుక్కల తయారీలో ఉన్న కిటుకంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. లేజర్ సర్జరీ ఈ గోడలో ఏ భాగాన్ని కదిలించిందన్నదాన్ని బట్టి మీ కంట్లో కథ మారిపోతుంది.

మెట్టు 1: మీకు జరిగింది ఏ సర్జరీయో పేరుతో సహా తెలుసుకోండి

"లేజర్ చేయించుకున్నాను" అంటే సరిపోదు. మూడు ముఖ్యమైన పద్ధతులున్నాయి, మూడింటిలోనూ ఎపిథీలియం గతి వేరు.

పీఆర్‌కేలో ఎపిథీలియాన్ని నల్లగుడ్డు మధ్యలో సుమారు 8 నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పున పూర్తిగా తీసేసి, ఆ కింద ఎక్సైమర్ లేజర్‌తో కార్నియాను చెక్కుతారు. పైన బ్యాండేజీ కాంటాక్ట్ లెన్స్ పెడతారు. కొత్త ఎపిథీలియం అంచుల నుంచి పాకుతూ మధ్యకు వచ్చి మూసుకోవడానికి సాధారణంగా 3 నుంచి 5 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మందుకు గుమ్మం బార్లా తెరిచి ఉన్నట్టే. మామూలు కంట్లో లోపలికి పోలేని నీటి రకం స్టెరాయిడ్ కూడా ఆ సమయంలో బాగా దిగుతుంది. ఎపిథీలియం మూసుకున్న రోజు నుంచి తలుపు మళ్లీ పడుతుంది. అంటే ఒకే సీసా, ఒకే చుక్క, మొదటి రోజు ఒక మోతాదు, పదో రోజు ఇంకో మోతాదు అవుతుంది. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

లేసిక్‌లో ఎపిథీలియంతో సహా పైపొరను మూతలా లేపుతారు. దీన్నే ఫ్లాప్ అంటారు. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో చేస్తే దాని మందం సాధారణంగా 90 నుంచి 120 మైక్రాన్లు. కింద చెక్కాక మూతను తిరిగి పరుస్తారు. ఫ్లాప్ అంచు చుట్టూ ఎపిథీలియం దాదాపు ఒక రోజులో అతుక్కుపోతుంది. మధ్యలో ఎపిథీలియం చెక్కుచెదరదు కాబట్టి మందుకు అడ్డుగోడ ముందులాగే ఉంటుంది. కానీ మూతకూ కింది భాగానికీ మధ్య ఒక సన్నని అర మిగిలిపోతుంది. ఇది గుర్తు పెట్టుకోండి, కంటి ఒత్తిడి గురించి చెప్పేటప్పుడు మళ్లీ అక్కడికే వస్తాం.

స్మైల్‌లో మూత ఉండదు. లోపలే ఒక చిన్న కటకం ఆకారపు ముక్కను లేజర్‌తో కోసి, 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న గాటు ద్వారా బయటికి లాగుతారు. ఎపిథీలియం దెబ్బతినేది ఆ గాటు దగ్గర మాత్రమే.

మెట్టు 2: మందు ఎంత లోతుకు చేరాలో అర్థం చేసుకోండి

మందు ఎంత లోతుకు దిగితే అంత మంచిదని అనుకోవడం సహజం. శుక్లాల ఆపరేషన్ తర్వాత అది చాలావరకు నిజం కూడా, ఎందుకంటే అక్కడ వాపు కంటి లోపలి గదిలో ఉంటుంది. లేజర్ సర్జరీలో అలా కాదు. లేసిక్‌లో మందు అవసరమైన చోటు ఫ్లాప్ కింది అర, అంటే పైనుంచి 100 మైక్రాన్ల లోతు. పీఆర్‌కేలో ఎపిథీలియం కిందనే ఉన్న స్ట్రోమా పై భాగం. అక్కడి కణాలు గాయానికి అతిగా స్పందిస్తే కార్నియా మసకబారుతుంది. దాన్నే హేజ్ అంటారు. స్టెరాయిడ్ వేసేది ముఖ్యంగా ఆ స్పందనను అదుపులో ఉంచడానికి.

అందుకే లోతుగా దిగే మందు కంటే, పైపైన పనిచేసి లోపలి గదిలోకి తక్కువగా వెళ్లే మందే చాలాసార్లు మేలు. లోపలికి ఎక్కువ వెళితే కంటి ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. డాక్టర్ "తక్కువ పవర్" మందు రాశారని కంగారు పడకండి. అది ఆలోచించి రాసిందే.

మెట్టు 3: సీసా మీద మందు పేరులో రెండో పదం చదవండి

ఉదాహరణకు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన ఎసిటేట్ అని ఉందా, సోడియం ఫాస్ఫేట్ అని ఉందా చూడండి. ఈ రెండో పదమే మందు ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది.

ఎసిటేట్ నీటిలో సరిగ్గా కరగదు. అందుకే అది తెల్లటి పొడి రేణువులు తేలే ద్రవంగా వస్తుంది. కొవ్వు, నీరు రెండింటితోనూ సర్దుకుపోయే గుణం ఉండటంతో మూసి ఉన్న ఎపిథీలియంలోంచి కూడా బాగా దిగుతుంది. ఫాస్ఫేట్ నీటిలో పూర్తిగా కరిగి తేటగా ఉంటుంది. ఎపిథీలియం తీసేసిన కంట్లో బాగానే దిగుతుంది, మూసి ఉంటే చాలా తక్కువ.

శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన మనుషుల కళ్లలోంచి నీటి బొట్టు తీసి కొలిచిన ఫలితాలు 1990లో వచ్చాయి. ఒక శాతం ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్ చుక్క తర్వాత లోపలి నీటిలో మిల్లీలీటరుకు దాదాపు 670 నానోగ్రాముల మందు కనిపించింది. ఇంకో రెండు స్టెరాయిడ్లలో, 0.1 శాతం డెక్సామెథాసోన్ ఆల్కహాల్‌తో సుమారు 31, 0.1 శాతం ఫ్లోరోమెథలోన్‌తో 5 దాకా మాత్రమే. ఈ అంకెలు చూసి ప్రెడ్నిసోలోన్ మిగతావాటికంటే ఇరవై రెట్లు, నూరు రెట్లు బలమైనదనుకోకండి. సీసాలో వాటి గాఢతే వేరు. డెక్సామెథాసోన్ ఒక్కో మిల్లీగ్రాము లెక్కన ప్రెడ్నిసోలోన్ కంటే ఐదారు రెట్లు శక్తిమంతం. ఎంత చేరింది అన్నదానితో పాటు చేరినది ఎంత గట్టిగా పనిచేస్తుంది అన్నది కూడా కలిపి చూడాలి.

ఫ్లోరోమెథలోన్ కార్నియాలో పనిచేసి, లోపలి గదికి తక్కువగా చేరుతుంది. పీఆర్‌కే తర్వాత నెలల తరబడి వాడాల్సి వచ్చినప్పుడు చాలామంది సర్జన్లు దీనివైపు మొగ్గు చూపేది అందుకే. లోటెప్రెడ్నాల్ అనే ఇంకో స్టెరాయిడ్ ఆలోచన ఇంకా నచ్చుతుంది నాకు. పని పూర్తయ్యాక కంట్లోని ఎంజైములే దాన్ని విరిచి పనికిరాని పదార్థంగా మార్చేలా దాని అణువును రూపొందించారు. అందుకే ఒత్తిడి పెంచే గుణం తక్కువ. డైఫ్లుప్రెడ్నేట్ దీనికి పూర్తిగా ఎదురు. అది నూనె, నీరు కలిసిన ఎమల్షన్‌గా వస్తుంది, గాఢత 0.05 శాతమే అయినా బాగా లోతుకు దిగుతుంది, చాలా శక్తిమంతం, ఒత్తిడినీ అంతే గట్టిగా పెంచగలదు.

మందుల షాపులో "ఇదీ అదే స్టెరాయిడ్, ఇది తీసుకోండి" అంటే ఒప్పుకోవద్దు. కంపెనీ పేరు మారితే ఫరవాలేకపోవచ్చు. లోపలి మందు గానీ, ఆ రెండో పదం గానీ మారితే ముందు డాక్టర్‌ని అడగాలి.

మెట్టు 4: ఊపండి, నిజంగా ఊపండి

పొడి రేణువులు తేలే మందు నిలబెట్టిన సీసాలో అడుక్కి చేరుతుంది. ఊపకుండా పిండితే పడేది చాలావరకు మందు లేని నీరే. సీసా చివరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడి అవసరానికి మించిన మందు పడుతుంది. రోజూ నాలుగుసార్లు తు.చ. తప్పకుండా వేసినా కంటికి సరైన మోతాదు అందకపోవడానికి ఇంతకంటే మామూలు కారణం ఉండదు. ఎసిటేట్ అయినా, ఫ్లోరోమెథలోన్ అయినా, రేణువులు తేలే రకం లోటెప్రెడ్నాల్ అయినా పది పదిహేనుసార్లు బాగా ఊపి, వెంటనే వేయండి. తేట మందుకు, ఎమల్షన్‌కు ఇంత ఊపాల్సిన పని లేదు.

చుక్క వేశాక రెప్పల వెంట్రుకల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే భయపడకండి. అది మందు రేణువే. శుభ్రమైన గాజుగుడ్డతో బయటి వైపు మాత్రమే అద్ది తుడవండి, కంటిని తాకకుండా.

మెట్టు 5: వరస, విరామం

ఒక చుక్క వేసిన 30 సెకన్లకు ఇంకో చుక్క వేస్తే మొదటి దాంట్లో దాదాపు సగం కొట్టుకుపోతుంది. రెండు నిమిషాలు ఆగితే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఐదు నిమిషాలు ఆగితే దాదాపు ఉండదు. కాబట్టి ఐదు నిమిషాల నియమాన్ని గట్టిగా పట్టుకోండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే మనసులో లెక్కపెట్టుకునే టెన్షన్ ఉండదు.

వరస విషయంలో డాక్టర్ ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే తేటగా ఉండే మందు ముందు, రేణువులు తేలేది ఆ తర్వాత, జెల్ లాంటివి చివర. చిక్కటి మందు ముందు వేస్తే దాని పొర వెనక వచ్చే పల్చటి మందును అడ్డుకుంటుంది. మామూలుగా యాంటీబయాటిక్ తేటగా ఉంటుంది, అది మొదట. తర్వాత స్టెరాయిడ్. కృత్రిమ కన్నీరు ఆఖరున, అదీ ఇంకొంచెం ఎక్కువ ఆగి వేస్తే మంచిది.

ఒక మందు ఒక్క చుక్క చాలు. "ఒకటి సరిగా పడలేదేమో, ఇంకోటి వేద్దాం" అనిపిస్తుంది. కంటి మీద చల్లగా తగిలితే పడినట్టే. రెండో చుక్క కన్ను పట్టుకోలేనిది, చెంపకో గొంతుకో పోతుంది.

మెట్టు 6: చుక్క వేయడం

సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. తల వెనక్కి వాల్చండి, పడుకుంటే ఇంకా తేలిక. కింది రెప్పను మాత్రమే, చెంప ఎముక దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా కిందికి లాగండి. రెప్పకూ కనుగుడ్డుకూ మధ్య చిన్న జేబు తెరుచుకుంటుంది. పైకి చూస్తూ ఆ జేబులో చుక్క వేయండి. నేరుగా నల్లగుడ్డు మీద వేస్తే కన్ను ఉలిక్కిపడి గట్టిగా మూసుకుంటుంది, నీరు కారుతుంది, మందు పలచబడి బయటికి పోతుంది.

లేసిక్ అయినవాళ్లు పై రెప్పను లాగకూడదు. తొలి రోజుల్లో ఫ్లాప్ ఇంకా పూర్తిగా కుదురుకోదు. రెప్పల మీద ఒత్తిడి, రుద్దడం దాన్ని జరపగలవు. సీసా మూతి కంటికి గానీ రెప్పల వెంట్రుకలకు గానీ తగలకూడదు. తగిలితే ఒకటి కంటికి గాయం, రెండోది సీసాలోకి సూక్ష్మజీవులు. చెయ్యి వణుకుతుంటే ఇంట్లో ఎవరినైనా వేయమనండి.

మెట్టు 7: తర్వాతి రెండు మూడు నిమిషాలు, అసలు పని ఇక్కడే

రెప్ప కొట్టినప్పుడల్లా ఒక చిన్న పంపు పనిచేసినట్టు, కన్నీరు ముక్కు వైపు మూలలో ఉన్న సన్నని రంధ్రాల్లోకి లాగబడుతుంది. అక్కడి నుంచి ముక్కులోకి, గొంతులోకి. చుక్క వేసిన కాసేపటికి గొంతులో చేదు తగిలిందంటే మీ మందులో కొంత కడుపులోకి వెళ్లిందని అర్థం. నిమిషానికి పది పదిహేనుసార్లు కొట్టే రెప్పను ఆపగలిగితే చాలు, మందు కార్నియా మీద ఎక్కువసేపు నిలుస్తుంది, ఒంట్లోకి పోయేది తగ్గుతుంది.

కాబట్టి చుక్క పడగానే కళ్లు మెల్లగా మూయండి, నిద్రపోతున్నంత మెల్లగా. గట్టిగా నొక్కి మూస్తే జేబులో ఉన్నది బయటికి పిండినట్టవుతుంది. రెండు మూడు నిమిషాలు అలాగే ఉండండి. కంటి కదలికలు కూడా తగ్గించండి.

కంటి మూలను ముక్కు ఎముక మీదికి వేలితో నొక్కి పట్టే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. అది రంధ్రాలను మూసి మందు జారిపోకుండా ఆపుతుంది, గ్లకోమా (కంటి ఒత్తిడితో నరం దెబ్బతినే జబ్బు) రోగులకు చాలామంది నేర్పేది ఇదే. కానీ సర్జరీ అయిన తొలి రోజుల్లో వేలు కొంచెం జారి కనుగుడ్డు మీద పడినా ముప్పే. నా అభిప్రాయం అడిగితే, డాక్టర్ ప్రత్యేకంగా చేయమని చెప్పేదాకా కళ్లు మూసి ఉంచడంతోనే సరిపెట్టుకోండి. దానితోనే చాలా మేలు దక్కుతుంది.

పీఆర్‌కే వాళ్లకు: బ్యాండేజీ లెన్స్ ఉండగా

లెన్స్ మీదనే చుక్కలు వేయమని డాక్టర్లు చెబుతారు. వేయండి. మెత్తటి లెన్స్ కొంత మందును పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. ఒక విధంగా అది చిన్న గిడ్డంగిలా పనిచేస్తుంది. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది. చాలా చుక్కల మందుల్లో సీసా చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు. అది ఎపిథీలియం అతుకులను వదులు చేస్తుంది, అందువల్ల మందు మరికొంత ఎక్కువ దిగుతుంది గానీ, లెన్స్‌లో పేరుకుంటే కొత్తగా పుడుతున్న కణాలకు హాని చేయగలదు. అందుకే రాసిన లెక్కకు మించి వేయకూడదు. లెన్స్ దానంతట అది ఊడిపోతే కడిగి మళ్లీ పెట్టుకోవద్దు, క్లినిక్‌కి ఫోన్ చేయండి. మీరే తీయడానికి ప్రయత్నించవద్దు. కొత్తగా వచ్చిన ఎపిథీలియం లెన్స్‌తో పాటు ఊడివచ్చే ప్రమాదం ఉంది.

లోపలికి వెళ్లాక

స్టెరాయిడ్ నొప్పి మాత్రలా పనిచేయదు. కణంలోకి వెళ్లి, అక్కడి గ్రాహకానికి అతుక్కుని, కేంద్రకంలో జన్యువుల పనిని మారుస్తుంది. వాపు పుట్టించే పదార్థాల తయారీ మొదటి దశలోనే తగ్గిపోతుంది. దీనికి గంటలు పడుతుంది. అందుకే చుక్క వేసిన వెంటనే కంటికి హాయిగా అనిపించకపోతే మందు పనిచేయట్లేదని అనుకోవద్దు.

ఇంకోవైపు, మందు లోపల ఎక్కువసేపు నిలవదు. కంటి లోపలి నీరు నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున కొత్తగా పుడుతూ, పాతది బయటికి పోతూ ఉంటుంది. చేరిన మందునూ అది తీసుకుపోతుంది. రోజుకు ఒకేసారి కాకుండా నాలుగుసార్లు వేయమనడానికి ఒక కారణం ఇదే. లేసిక్ తర్వాత తొలి వారంలో ఒక్కోసారి ఫ్లాప్ కింద తెల్లకణాలు ఇసుక చల్లినట్టు చేరతాయి, దాన్ని డీఎల్‌కే అంటారు. అప్పుడు గంటగంటకూ చుక్కలు వేయమంటారు. ఒక్కసారి రెండు చుక్కలు వేయడం దానికి బదులు కాదు, ఎందుకంటే కన్ను రెండో చుక్కను పట్టుకోదు. మాటిమాటికీ వేయడం ఒక్కటే దారి. రాత్రి లేచి వేయమంటే లేవాల్సిందే.

మెట్టు 8: కంటి ఒత్తిడి కొలిపించుకోండి

ఈ భాగం దయచేసి ఓపికగా చదవండి, మిగతాదంతా మర్చిపోయినా సరే.

స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే, కంటిలోని నీరు బయటికి పోయే జల్లెడ లాంటి భాగం కొందరిలో బిగుసుకుంటుంది. 1960ల నుంచి చేసిన పరిశీలనల ప్రకారం మామూలు జనంలో దాదాపు మూడో వంతు మందికి ఒత్తిడి ఒక మోస్తరుగా పెరుగుతుంది. నూటికి నలుగురైదుగురికి బాగా పెరుగుతుంది, 15 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి మించి. ఇది సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల మధ్య కనిపిస్తుంది, కొందరిలో ఇంకా ముందే. ఎక్కువమందికి నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. ఇంట్లో తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ గ్లకోమా ఉన్నా, మీకు మైనస్ పవర్ ఎక్కువగా ఉండేదైనా, ఈ ముప్పు మీకు ఎక్కువ. లేజర్ చేయించుకునేవాళ్లలో చాలామంది మైనస్ పవర్ వాళ్లే కదా.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మామూలుగా ఒత్తిడిని కార్నియాను నెట్టి కొలుస్తారు. లేజర్ ఒక్కో డయాప్టర్ పవర్‌కు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కేస్తుంది. పల్చబడిన కార్నియా తేలిగ్గా లొంగుతుంది, యంత్రం అసలు కంటే తక్కువ అంకె చూపిస్తుంది. సర్జరీకి ముందు మీ కార్నియా మందం ఎంత, ఒత్తిడి ఎంత అన్న రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా "నాకు లేజర్ అయింది" అని ముందే చెప్పండి, ఇరవై ఏళ్ల తర్వాత అయినా సరే.

లేసిక్ వాళ్లలో అరుదుగా దీనికంటే ప్రమాదకరమైనది జరుగుతుంది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న ఆ సన్నని అర ఇక్కడికే వస్తుంది. స్టెరాయిడ్ వల్ల ఒత్తిడి పెరిగినప్పుడు నీరు వెనక నుంచి ఆ అరలోకి ఊరుతుంది. చూపు మసకబారుతుంది. పైకి చూస్తే డీఎల్‌కే లాగే ఉంటుంది. యంత్రంతో కొలిస్తే ఆ నీటి దిండు మీద నొక్కినట్టై ఒత్తిడి మామూలుగానో, తక్కువగానో వస్తుంది. వాపేననుకుని స్టెరాయిడ్ పెంచితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కంటి నరం దెబ్బతింటుంది. రెండింటి మధ్య తేడా పట్టే ఆధారం చాలాసార్లు సమయమే. డీఎల్‌కే మామూలుగా తొలి వారంలో వస్తుంది, ఈ ఒత్తిడి సమస్య సాధారణంగా మొదటి వారం దాటాక. ఫ్లాప్ బయట, కార్నియా అంచున కొలిస్తే అసలు అంకె దొరుకుతుంది. దీనికి మందు స్టెరాయిడ్ పెంచడం కాదు, డాక్టర్ పర్యవేక్షణలో దాన్ని తగ్గించి ఒత్తిడి దించడం.

అందుకే చెకప్‌కి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఒత్తిడి ఎంత ఉంది, కార్నియా పల్చబడిన సంగతి లెక్కలోకి తీసుకున్నారా, ఫ్లాప్ కింద నీరేమైనా ఉందా. అడగడం మీ హక్కు. స్టెరాయిడ్ రెండు వారాలు దాటి వాడాల్సి వస్తే ఒత్తిడి చూపించుకోకుండా కొత్త సీసా మొదలుపెట్టవద్దు.

మెట్టు 9: తగ్గించడం, ఆపడం

లేసిక్, స్మైల్ తర్వాత చాలామందికి ఒక వారం అటూ ఇటూగా స్టెరాయిడ్ అయిపోతుంది. పీఆర్‌కేలో కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా సాగుతుంది. రోజుకు నాలుగు, మూడు, రెండు, ఒకటి అంటూ మెట్లు దిగుతారు. చూపు బాగుందని మధ్యలో ఆపేస్తే అణిగి ఉన్న వాపు తిరగబడవచ్చు. బాగుంది కదా అని ఎక్కువ రోజులు లాగితే ఒత్తిడి, దీర్ఘకాలంలో శుక్లాలు. ఒక చుక్క మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి వేళ దగ్గర పడితే వదిలేయండి, రెండూ కలిపి వేయవద్దు.

స్టెరాయిడ్ వాపుతో పాటు కంటి రక్షణ వ్యవస్థను కూడా అణుస్తుంది. అందువల్ల ఇన్ఫెక్షన్ వస్తే మొదట్లో ఎరుపు తక్కువగా కనిపించి మోసం చేయవచ్చు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, వెలుగు చూడలేకపోయినా, పుసి కారినా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించినా, ముందురోజు కంటే చూపు తగ్గినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. అదే రోజు వెళ్లండి. అప్పటిదాకా మీ అంతట మీరు స్టెరాయిడ్ పెంచవద్దు.

సీసా తెరిచిన తేదీని దాని మీదే రాయండి. సాధారణంగా నాలుగు వారాలు దాటిన సీసా వాడకూడదు, మీ మందు లేబుల్ మీద వేరే గడువు ఉంటే దాన్నే పాటించండి. కోర్సు అయిపోయాక మిగిలిన మందును దాచుకోకండి. ఏడాది తర్వాత కన్ను ఎర్రబడినప్పుడు ఇంట్లో ఎవరో ఆ సీసా తీసి వేసుకుంటారు. అది వైరస్ వల్ల వచ్చిన ఎరుపైతే ఆ చుక్కలు కార్నియా మీద పుండును ముదిరేలా చేయగలవు. సర్జన్ "ఇక ఆపండి" అన్న రోజే దాన్ని పారేయండి.